నేషనల్స్‌లో 100 మీటర్లు: వార్మప్ గ్రౌండ్ నుంచి గన్ పేలేదాకా

మొదటిసారి నేషనల్స్‌కి క్వాలిఫై అయినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, ఈ మిగిలిన రెండు వారాల్లో స్పీడ్ ఎలా పెంచుకోవాలి అని. పెరగదండీ. రెండు వారాల్లో కొత్తగా స్పీడ్ రాదు, ఉన్న స్పీడ్‌ని చెడగొట్టుకోకుండా స్టార్ట్ లైన్ దాకా తీసుకెళ్ళడమే ఇప్పుడు మీ పని. మీ టైమింగ్ ఎంతో మీకు తెలుసు, అది మీ కాళ్ళల్లోనే ఉంది, కానీ వార్మప్ గ్రౌండ్ నుంచి బయటికొచ్చాక గన్ పేలేదాకా ఉండే ఆ ముప్పావుగంటలోనే చాలామంది దాన్ని పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నా ఒకసారి, అది కింద చెప్తా. అందుకే ట్రైనింగ్ గురించి పెద్దగా రాయట్లేదు, పోటీ రోజు గురించే రాస్తున్నా.

ట్రైనింగ్ గురించి ఒక్క ముక్క మాత్రం. చివరి పది రోజులు పరుగుల సంఖ్య సగానికి తగ్గించండి, వేగం మాత్రం తగ్గించకండి. నాలుగైదు బ్లాక్ స్టార్ట్స్ (కాళ్ళు ఆనించుకునే స్టార్టింగ్ బ్లాక్స్ నుంచి బయల్దేరడం), రెండు మూడు ఫ్లయింగ్ 30లు (ముందే వేగం అందుకుని 30 మీటర్లు ఫుల్‌గా పరిగెత్తడం), వాటి మధ్య ఫుల్ రెస్ట్, అంతే, ఇంటికెళ్ళిపోండి. ఇంకా ఒకటి కొడదాం అనిపిస్తుంది చూడండి, అప్పుడే ఆపేయాలి. కొత్త స్పైక్స్ (అడుగున మేకులుండే షూస్) కొనుక్కుని వాటిని మొదటిసారి హీట్స్‌లో, అంటే మొదటి రౌండ్ పరుగుల్లో, వేసుకోవడం అనేది మాత్రం దయచేసి చేయకండి, కనీసం మూడు నాలుగు సెషన్లు వాటిలో పరిగెత్తి ఉండాలి. సింథటిక్ ట్రాక్ మీద స్పైక్ మేకు పొడవు 9 మిల్లీమీటర్లు దాటకూడదు, ఒక్కో షూకి 11 మేకులకి మించి ఉండకూడదు, సోల్ మందం 20 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఇవి కాల్ రూమ్‌లో, అంటే రేస్ ముందు అందరూ రిపోర్ట్ చేసి కూర్చునే గదిలో, చెక్ చేస్తారు, అక్కడ తెలిస్తే ఏం చేస్తారు చెప్పండి, ముందే చూసుకోండి.

పోటీకి ముందురోజు స్టేడియంకి వెళ్ళి తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. వార్మప్ ట్రాక్ నుంచి కాల్ రూమ్‌కి, కాల్ రూమ్ నుంచి 100 మీటర్ల స్టార్ట్‌కి ఒకసారి నడిచి ఎన్ని నిమిషాలు పడుతుందో వాచ్‌లో చూసుకోండి. తర్వాత టైమ్‌టేబుల్ తీసుకుని వెనక నుంచి లెక్క వేయండి. మీ హీట్ నాలుగున్నరకి అనుకుందాం, కాల్ రూమ్‌లో నాలుగింటికల్లా రిపోర్ట్ చేయమన్నారు అనుకుందాం, నడకకి ఐదు నిమిషాలు, అంటే మూడు యాభైకి మీ వార్మప్ అయిపోయి బ్యాగ్ సర్దుకుని ఉండాలి, అంటే మూడింటికల్లా మొదలుపెట్టాలి. చాలామంది నాలుగున్నర నుంచి లెక్క వేసుకుంటారు, అదే తప్పు. వార్మప్ అయ్యేది నాలుగున్నరకి కాదు, మూడు యాభైకి. ఆ తర్వాత నలభై నిమిషాలు మీ ఒళ్ళు చల్లబడుతూనే ఉంటుంది, దాన్ని ఆపుకోవడమే అసలు విద్య.

వార్మప్‌లో మీరు రోజూ చేసేదే చేయండి. మెల్లగా జాగింగ్, కాళ్ళు ఊపడం, ఎ స్కిప్, బి స్కిప్ (మోకాళ్ళు పైకెత్తుతూ గెంతే డ్రిల్స్), మూడు నాలుగు స్ట్రైడ్స్ (వదులుగా వేగం పెంచుతూ చిన్న పరుగులు), చివర్లో రెండు మూడు స్టార్ట్స్. పక్కన పేరున్న రన్నర్ ఏదో కొత్త డ్రిల్ చేస్తున్నాడని అది చేయకండి. నిమిషాలకి నిమిషాలు కండరాన్ని లాగిపట్టుకుని కూర్చునే స్ట్రెచింగ్ కూడా వద్దు, దానివల్ల కండరంలో స్ప్రింగులా ఉండే ఆ బిగువు కాసేపు తగ్గిపోతుంది, స్ప్రింటర్‌కి కావాల్సిందే ఆ బిగువు.

ఇక కాల్ రూమ్. నా మొదటి నేషనల్స్‌లో హీట్ బాగా పరిగెత్తా, సెమీస్‌కి వెళ్ళా, వార్మప్ కూడా అద్భుతంగా అయ్యింది, కాళ్ళు స్ప్రింగుల్లా ఉన్నాయి. కాల్ రూమ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేశారు, కూర్చున్నా. ముందు ఈవెంట్ లేటయ్యింది. ఇరవై అయిదు నిమిషాలు ఆ కుర్చీలోంచి లేవలేదు, షార్ట్స్ మీదే కూర్చున్నా, ట్రాక్‌ప్యాంట్ అప్పటికే బ్యాగ్‌లో పెట్టేశా, ఎదురుగా కూర్చున్న అతని తొడలు చూస్తూ వాటి సైజు కొలుస్తూ ఉన్నా. బయటికి పిలిచేసరికి పిక్కలు కర్రల్లా అయిపోయాయి. గన్ పేలింది, మొదటి మూడు అడుగులకే తెలిసిపోయింది, ఆ కాళ్ళు నావి కావు. ఏ గాయమూ లేదు, ఎవరి తప్పూ లేదు, నాకంటే స్లో టైమింగ్ ఉన్నవాళ్ళు ముగ్గురు నన్ను దాటి వెళ్ళిపోయారు. అది నాకు చాలా ఏళ్ళు నొప్పిగానే ఉండిపోయింది, అందుకే ఇప్పుడు ఎవరు దొరికినా ముందు ఇదే చెప్తా.

కాబట్టి అక్కడ ఇలా చేయండి. ట్రాక్‌ప్యాంట్, జాకెట్ వేసుకునే ఉండండి, లేన్ దగ్గరికి వెళ్ళి అఫీషియల్ వచ్చి బట్టలకి బాస్కెట్ ఇచ్చేదాకా విప్పకండి, ఎండాకాలమైనా సరే. స్పైక్స్ చెకింగ్ అయ్యాక మళ్ళీ మామూలు షూస్‌లోనే ఉండండి. మూడు నిమిషాలకి మించి కూర్చోవద్దు, లేచి మడమలు పైకెత్తి దించడం, ఉన్నచోటే చిన్నచిన్న గెంతులు, మోకాళ్ళు చకచకా నాలుగైదుసార్లు పైకి లాగడం, మళ్ళీ కూర్చోవడం. ఒళ్ళు అలసిపోకూడదు, నిద్రపోనూ కూడదు, ఆ మధ్యలో ఉంచాలి. నీళ్ళు గుక్కెడు గుక్కెడు. ఫోన్, ఇయర్‌ఫోన్స్ లోపలికి రానివ్వరు, కాబట్టి పాటలు వింటేనే మూడ్ వస్తుంది అనే అలవాటు ఉంటే ట్రైనింగ్‌లోనే మానుకోండి. చూపు మీ షూస్ మీద, లేకపోతే గోడ మీద. ఎదుటివాళ్ళు కావాలనే గట్టిగా చప్పట్లు కొడతారు, ఎగురుతారు, మిమ్మల్నే చూస్తారు, చూడనివ్వండి.

ట్రాక్ మీదకి వచ్చాక బ్లాక్స్ సెట్ చేసుకోవడానికి ఇచ్చే టైమ్ చాలా తక్కువ. మీ కొలతలు నోటికి వచ్చి ఉండాలి. కొలవడానికి టేపు అక్కర్లేదు, మీ పాదమే కొలత, లైన్ నుంచి ముందు బ్లాక్‌కి సుమారు రెండు పాదాలు, వెనక బ్లాక్‌కి సుమారు మూడు, అక్కడి నుంచి ఒకటి రెండు వేళ్ళు అటూ ఇటూ మీ కాళ్ళ పొడవుని బట్టి. అయితే ఒక జాగ్రత్త, ప్రాక్టీస్‌లో మామూలు షూస్‌తో కొలిచి పోటీలో స్పైక్స్‌తో కొలిస్తే లెక్క మారిపోద్ది, ఎప్పుడూ ఒకే షూతో కొలవండి. అక్కడి బ్లాక్స్ మీ గ్రౌండ్ బ్లాక్స్‌లా ఉండకపోవచ్చు, ఎలక్ట్రానిక్ బ్లాక్స్ బరువుగా ఉంటాయి, పెడల్ (కాలు ఆనించే పలక) మార్చే పద్ధతి వేరేగా ఉంటుంది, కంగారు పడకుండా ముందు హీట్ వాళ్ళు ఎలా మారుస్తున్నారో చూడండి. బ్లాక్స్ మధ్యలో ఉండే పట్టా మీ లేన్‌లో తిన్నగా ఉందో లేదో చూసుకుని కాలితో గట్టిగా తొక్కి మేకులు ట్రాక్‌లోకి దిగేలా చేయండి. తర్వాత ఒక్క స్టార్ట్, మహా అయితే రెండు. ఆ స్టార్ట్‌లో ఇరవై మీటర్లు ఫుల్‌గా వెళ్ళి, నడుచుకుంటూ రండి. కొందరు అరవై మీటర్లు వెళ్ళిపోతారు జనానికి చూపించడానికి, అది రేస్‌లోంచి తీసి ఖర్చు పెట్టడమే.

ఆన్ యువర్ మార్క్స్ అన్నాక తొందరపడి దిగకండి, అలాగని చివరి మనిషిగా కూడా ఉండకండి, మోకాలు నేల మీద ఉంచి అందరికోసం ఎదురుచూసే టైమ్ తగ్గితే మంచిదే కానీ అందరూ మీకోసం ఆగితే స్టార్టర్‌కి చిరాకు. వేళ్ళు లైన్‌కి వెనక, లైన్‌ని తాకకూడదు. సెట్ అనగానే నడుము భుజాల కంటే కొంచెం పైకి లేవాలి, ముందు మోకాలు దాదాపు 90 డిగ్రీలు, వెనక మోకాలు 120, 130 అలా, రెండు మడమలూ బ్లాక్‌ని గట్టిగా నెడుతూ ఉండాలి. ఆ నెట్టడం సెట్‌లోనే మొదలవ్వాలి, గన్ తర్వాత మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. లేచాక కదలొద్దు. రాయిలా ఉండండి.

గన్ ఎప్పుడు పేలుద్దో ఊహించడం మాత్రం వద్దు. గన్ పేలిన 0.100 సెకన్ లోపు బ్లాక్ మీద ఒత్తిడి మారితే అది ఫాల్స్ స్టార్ట్, 2010 నుంచి మొదటి ఫాల్స్ స్టార్ట్‌కే బయటికి పంపేస్తున్నారు. ఉసేన్ బోల్ట్ అంతటివాడే 2011లో డేగు వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ ఫైనల్‌లో ముందే కదిలి ఒక్క అడుగు లెక్కలోకి రాకుండానే వెళ్ళిపోయాడు, ఆ రేస్ యోహాన్ బ్లేక్ 9.92లో గెలిచాడు. ముందే కదిలితే వచ్చే లాభం ఎంత, సెకన్‌లో రెండు మూడు వందో వంతులు, పోయేది సంవత్సరం కష్టం. పైగా రియాక్షన్ ఒక్కటే రేస్‌ని గెలిపించదు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్‌లో నోవా లైల్స్ రియాక్షన్ 0.178, ఆ రేస్‌లో అందరికంటే లేటుగా కదిలిన ఇద్దరిలో అతనొకడు, అయినా గెలిచింది అతనే, 9.784తో, రెండో స్థానంలో కిషేన్ థాంప్సన్ 9.789. కాబట్టి సౌండ్ వినండి, వెళ్ళండి, అంతే. నిజంగా ఇబ్బంది ఉంటే, బ్లాక్ కదులుతుంటేనో ఏదో అడ్డం వస్తేనో, సెట్ అనే ముందే చెయ్యెత్తండి, కారణం లేకుండా ఎత్తితే పసుపు కార్డు వార్నింగ్ వస్తుంది.

రేస్‌లో ఎక్కువ ఆలోచించడానికి టైమ్ ఉండదు కాబట్టి రెండే మాటలు పెట్టుకోండి. మొదటి మాట, నెట్టు. మొదటి ఇరవై, ముప్పై మీటర్లు నేలని వెనక్కి నెడుతూ వెళ్ళడమే, తల వంగే ఉండాలి, ఒళ్ళు మెల్లమెల్లగా దానంతట అదే లేవాలి, పక్కవాడు ముందుకెళ్ళాడని టక్కున తల ఎత్తితే మీ స్టార్ట్ అక్కడితో అయిపోయింది. రెండో మాట, వదులు. దవడ, భుజాలు, చేతివేళ్ళు వదులుగా. టాప్ స్పీడ్ ఈ స్థాయిలో సాధారణంగా 50 నుంచి 80 మీటర్ల మధ్యే వస్తుంది, ఆ తర్వాత లోకంలో ఎవరైనా సరే స్లో అవుతూనే ఉంటారు. చివర్లో దూసుకొచ్చాడు అని మనం అనుకునే మనిషి నిజానికి స్పీడ్ పెంచట్లేదు, మిగతావాళ్ళకంటే తక్కువ తగ్గుతున్నాడు. పళ్ళు బిగించి ఇంకా గట్టిగా ట్రై చేసేవాడే ఎక్కువ తగ్గుతాడు, ఎందుకంటే బిగిసిన కండరం త్వరగా కదలదు. ఇది మనసుకి ఎక్కడం కష్టం, అందుకే ట్రైనింగ్‌లో 95 శాతంతో పరిగెత్తి టైమ్ చూసుకోండి, చాలాసార్లు ఫుల్‌గా బిగించి కొట్టినదానికంటే అదే బాగుంటుంది.

లైన్ దగ్గర లెక్కలోకి వచ్చేది ఛాతీ భాగం మాత్రమే, తల కాదు, చేయి కాదు, కాలు కాదు. చివరి అడుగులో ఛాతీ ముందుకి వంచండి, అంతకు ముందే వంగితే అడుగులు చిన్నవైపోయి ఉన్నది కూడా పోతుంది. లైన్ మీద ఆగకండి, లైన్ దాటాక ఐదు మీటర్ల దూరంలో ఇంకో లైన్ ఉందనుకుని అక్కడిదాకా పరిగెత్తండి.

హీట్స్‌లో మెల్లగా వెళ్ళొచ్చా అని అడుగుతారు. మొదటి నేషనల్స్ అయితే వద్దు. రిజల్ట్ షీట్‌లో పెద్ద క్యూ (Q), చిన్న క్యూ (q) అని ఉంటాయి, పెద్ద క్యూ అంటే స్థానం వల్ల క్వాలిఫై అయినట్టు, చిన్న క్యూ అంటే టైమ్ వల్ల. టైమ్ వల్ల వెళ్ళడం గాలి చేతిలో ఉంటుంది, ఒక హీట్‌కి వెనక నుంచి సెకన్‌కి 1.8 మీటర్ల గాలి వీస్తే ఇంకో హీట్‌కి ఎదురుగాలి రావచ్చు, రెండిటి టైమ్‌లూ ఒకే లిస్టులో పెడతారు. వెనకగాలి సెకన్‌కి 2.0 మీటర్లు దాటకూడదు అనే రూల్ రికార్డులకీ క్వాలిఫయింగ్ టైమింగ్స్‌కీ గానీ రౌండ్ దాటడానికి కాదు. కాబట్టి ఎలాగైనా పెద్ద క్యూ స్థానంలో ఉండండి, అది చేతిలో పడింది అని ఖచ్చితంగా తెలిశాక, 80 మీటర్ల తర్వాత, స్ట్రైడ్ అలాగే ఉంచి ఒత్తిడి మాత్రం తగ్గించండి. పక్కకి తల తిప్పి చూడటం అనేది నాకు అస్సలు నచ్చదు, తల తిరిగితే భుజం తిరుగుద్ది, భుజం తిరిగితే అడుగు పోద్ది. ఇంకో విషయం, హీట్‌లో ఎంత బాగా వస్తే తర్వాతి రౌండ్‌లో మధ్య లేన్ దొరికే అవకాశం అంత ఎక్కువ, మధ్యలో ఉంటే రేస్ మీ చుట్టూ జరుగుతుంది.

హీట్‌కీ సెమీస్‌కీ మధ్య రెండు మూడు గంటలు ఉన్నాయంటే లైన్ దాటిన వెంటనే పడుకోవద్దు. పది నిమిషాలు నడక, మెల్లగా జాగింగ్, తర్వాత పొడి బట్టలు మార్చుకుని నీడలో కాళ్ళు చాపుకోండి. పొట్టకి అలవాటైన తేలికపాటి తిండి కొంచెం, నీళ్ళు కొంచెం కొంచెం. గట్టి మసాజ్ వద్దు, అది పోటీలన్నీ అయ్యాక. రెండో వార్మప్ మొదటిదానిలో సగం చాలు, ఒళ్ళు వేడెక్కడానికి జాగింగ్, నాలుగు డ్రిల్స్, రెండు స్ట్రైడ్స్, ఒక స్టార్ట్. హామ్‌స్ట్రింగ్‌లో (తొడ వెనక కండరంలో) ఎక్కడైనా చిన్న పట్టులా అనిపిస్తే దాచుకోకుండా కోచ్‌కి ఆ నిమిషమే చెప్పండి, సెమీస్ ముందు పట్టు అనిపించిన కాలే ఫైనల్‌లో 60 మీటర్ల దగ్గర చిరుగుతుంది, అలా పడిపోయినవాళ్ళని చాలామందిని చూశా.

రేస్ అయ్యాక రిజల్ట్ బోర్డు మీద అధికారికంగా వచ్చేదాకా అక్కడే ఉండండి. 2012లో యూజీన్‌లో జరిగిన అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ మహిళల 100లో మూడో స్థానానికి అలిసన్ ఫెలిక్స్, జెనెబా టార్మో ఇద్దరూ 11.068 దగ్గర సమానమయ్యారు, ముందు టార్మో మూడో స్థానం అని చెప్పి తర్వాత ఫినిష్ లైన్ ఫోటో మళ్ళీ చూసి టై అన్నారు, ఇద్దరికీ మళ్ళీ రేస్ పెడదామన్నారు, ఆఖరికి టార్మో తప్పుకుంది. అంటే సెకన్‌లో వెయ్యో వంతు దాకా చూసినా తేలని రోజులుంటాయి. మీ స్థానం మీద, లేన్‌లో జరిగినదాని మీద నిజంగా అభ్యంతరం ఉంటే రిజల్ట్ ప్రకటించిన 30 నిమిషాల లోపే ప్రొటెస్ట్ ఇవ్వాలి, కాబట్టి మీ కోచ్‌నో టీమ్ మేనేజర్‌నో ఫినిష్ వైపు గ్యాలరీలో కూర్చోమని పొద్దున్నే చెప్పి పెట్టుకోండి, మీరు లైన్ దాటేసరికి వాళ్ళు వార్మప్ గ్రౌండ్‌లో ఉంటే ఆ అరగంట వాళ్ళని వెతకడానికే సరిపోద్ది.