విదేశాల్ల ఎమ్మెస్‌కు జీఆర్ఈ (పీజీ అడ్మిషన్ పరీక్ష) రాయాల్నా? ముందు గిది చూస్కోండ్రి
హన్మకొండల కోచింగ్ ఫీజు కట్టకముందే మీరనుకున్న యూనివర్సిటీల ఒక్కో డిపార్ట్‌మెంట్ అడ్మిషన్ పేజీ తెరిచి చూడుండ్రి, జీఆర్ఈ తప్పనిసరా, ఆప్షనలా, అసలు తీస్కోరా అని, ఎందుకంటే ఒకే యూనివర్సిటీల గూడ డిపార్ట్‌మెంట్‌కో రూల్ ఉంటది.

ఆప్షనల్ అన్నరంటే, బీటెక్‌ల పర్సెంటేజ్ తక్కువున్నోళ్లు రాస్తెనే మంచిదంట నేను, క్వాంట్ (లెక్కల భాగం) స్కోర్ గట్టిగొస్తే ఆ లోటు కొంత పూడుతది, సరిగ్గ రాకుంటే పంపకుండ్రి. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలే. వెర్బల్ (ఇంగ్లీష్ భాగం), క్వాంట్ ఒక్కోదాంట్ల స్కోర్ 130 నుంచి 170 దాంక ఉంటది.

జీఆర్ఈ స్కోర్ 5 ఏండ్లు చెల్లుతది గని టోఫెల్, ఐఈఎల్టీఎస్ 2 ఏండ్లే, అందుకే ఇంగ్లీష్ పరీక్ష మరీ ముందుగాల రాయకుండ్రి. పాస్‌పోర్ట్ లేకుంటే ఇయ్యాల్నే అప్లై చేయుండ్రి, పరీక్ష రిజిస్ట్రేషన్‌ల పేరు అచ్చం దాంట్ల ఉన్నట్టే ఉండాలె, ఇంటిపేరుతో సహా.