గ్రో లైట్ కొని బిగించే ముందు

గ్రో లైట్ అంటే ఎండ చాలని చోట మొక్కలకు పెట్టే లైటు. ముందు మొక్క ఉన్నచోట మధ్యాహ్నం 12 గంటలకు చెయ్యి చాపి నీడ చూడండి. అంచులు స్పష్టంగా ఉంటే లైటే అక్కర్లేదు. మసగ్గా ఉంటే ఆ వెలుగు మనీ ప్లాంటుకు సరిపోతుంది కానీ తులసికి చాలదు.

కోఠి ట్రూప్ బజార్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా డబ్బా మీద పెద్దగా ఉన్న "1000 వాట్లు" నమ్మకండి. నిజంగా ఎంత కరెంటు లాగుతుందో చిన్న అక్షరాల్లో వెతకండి. డబ్బా మీద రాసే ల్యూమెన్లు మన కంటికి ఎంత వెలుగు కనిపిస్తుందో చెప్పే లెక్క. మొక్క ముఖ్యంగా వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల కాంతి. దాని కొలత పీపీఎఫ్‌డీ, అంటే సెకనుకు ఒక చదరపు మీటరు మీద ఆ కాంతి ఎంత పడుతుందో చెప్పే అంకె. ఎంత దూరంలో కొలిచారో కూడా రాసి ఉండాలి. చిన్న బల్బును రెట్టింపు దూరం జరిపితే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఊదారంగు లైటు కింద ఆకు పసుపెక్కినా కనిపించదు, అందుకే నేను తెల్లదే వాడతాను.

మే నెలలో కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మా తులసి లేత ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి అయ్యాయి. లైటు మరీ దగ్గరగా పెట్టాను. ఆకుల ఎత్తులో అరచెయ్యి ఒక నిమిషం ఉంచండి, వేడి తగిలితే లైటు పైకి జరపండి.

ప్లగ్గు మూడు పిన్నులదైతే ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లోనే పెట్టండి. నీళ్లు పోసేముందు స్విచ్ ఆపండి. రోజుకు 12 గంటలు వెలిగేలా టైమర్ పెట్టండి, రాత్రి మొక్కకు చీకటి కావాలి.