మన కొలీగ్‌ని అమెరికా రాయబారిగా నామినేట్ చేస్తే సపోర్ట్ లెటర్ ఎట్టా రాయాల

పోయిన వారం రాత్రి పదకొండప్పుడు డల్లాస్ నుంచి మా మేనల్లుడు ఫోను. "మామా, మా పాత టీమ్ లీడ్‌ మేడమ్‌ని అంబాసిడర్‌గా నామినేట్ చేశారు, నన్ను సపోర్ట్ లెటర్ రాయమంటన్నారు, నువ్వు ఈడున్నప్పుడు ఒకటి రాశావు గదా, ఎట్టా రాయాల?" అన్నాడు. వాడికి చెప్పిందే ఈడ రాస్తన్నా, నెల్లూరు ఒంగోలు పిల్లకాయలు ఆడ చానామంది ఉండారు, ఎవురికైనా పనికొస్తది.

ముందు మన బుర్రలో ఉండే సిఫార్సు లెటర్‌ని తీసి పక్కనబెట్టండి. కావలిలో సిఫార్సు అంటే ఏంది, తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద నాలుగు పేర్లు, ఆధార్ నంబర్లు, కింద సంతకం, అంతే గదా. ఆయనకి మనమెవరో తెలియాల్సిన పని కూడా లేదు. సెనేట్‌కి, అంటే అమెరికా పార్లమెంటు పై సభకి పొయ్యే లెటర్ దీనికి తలకిందులు, సంతకం పెట్టినోడు ఎంత పెద్దోడు అని కాదు, ఆ మనిషిని పక్కనుండి ఏం చూశాడు అనేదే ఆడ సరుకు.

పద్ధతి టూకీగా చెప్తా. మన దేశంలో రాయబారిని ప్రభుత్వం వేసేస్తది, పార్లమెంటులో ఓటింగ్ ఉండదు. అమెరికాలో రాజ్యాంగం ఆర్టికల్ 2 సెక్షన్ 2 ప్రకారం ప్రెసిడెంట్ నామినేట్ చేస్తే సెనేట్ ఒప్పుకోవాల. పేరు సెనేట్‌లో ఉండే ఫారిన్ రిలేషన్స్ కమిటీకి పోతది, ఆడ హియరింగ్, అంటే మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలడగడం, కమిటీ ఓటు, తర్వాత మొత్తం సెనేట్‌లో ఓటు, మామూలు మెజారిటీ చాలు. పొయ్యే దేశం కూడా ముందే సరే అనాల, 1961 వియన్నా ఒప్పందంలో ఉండాది ఆ రూలు, కానీ అది ప్రభుత్వాలు చూసుకునే పని, మనం వేలు పెట్టేది కాదు.

మనకి పనికొచ్చేది ఇంకోటి ఉంది. 1980 ఫారిన్ సర్వీస్ యాక్ట్‌లో రాయబారి అయ్యేవాళ్ళకి ఏముండాలో రాశారు: పని చెయ్యగల సత్తా స్పష్టంగా కనపడాల, వీలైనంత మటుకు ఆ దేశం భాష, చరిత్ర, సంస్కృతి, అక్కడి వ్యవహారాలు తెలిసుండాల, ఎలక్షన్ చందాలు ఇచ్చారనేది లెక్కలోకి తీసుకోకూడదు అని. చట్టంలో ఉన్నట్టే అంతా జరగదులే, ఆ గొడవ వేరే. మీ లెటర్ మాత్రం వీటిల్లో ఏదో ఒకదానికి సాక్ష్యంగా నిలబడాల.

మావాడు పంపిన మొదటి డ్రాఫ్ట్ చూస్తే నవ్వొచ్చింది. విజనరీ అంట, డైనమిక్ అంట, లీడర్‌షిప్ క్వాలిటీస్ అంట, పెళ్ళి సంబంధం బయోడేటాలాగా ఉంది. "ఇదంతా తీసెయ్‌రా, ఆమె ఏదన్నా చేస్తంటే నువ్వు కళ్ళారా చూసింది ఒకటి చెప్పు" అన్నా. కాసేపు గొణిగి అప్పుడు చెప్పాడు. వియత్నాం నుంచి రొయ్యల చెరువులోళ్ళు ట్రైనింగ్‌కి వచ్చారంట, మీటింగ్‌లో వాళ్ళ పెద్దాయన ఏదో అంటే ఇంటర్‌ప్రెటర్ "ఒప్పుకుంటన్నాం" అని చెప్పేశాడంట, అందరూ చప్పట్లు. ఈమె మాత్రం పెద్దాయన మొహం చూసి, ఆపి, "ఇంకోసారి నిదానంగా అడగండి" అనిందంట. అడిగితే ఆయన అనింది "ఊరికి పోయినాక మావాళ్ళతో మాట్లాడి చెప్తాం" అని! ఆ రోజు అట్టనే సంతకాలు పెట్టుంటే తర్వాత పెద్ద రచ్చే. "ఒరే ఇదిరా లెటరు, దీన్ని వదిలేసి విజనరీ అంటావా" అన్నా.

కాబట్టి ఒక్క పేజీ. మొదటి పేరాలో నువ్వెవరు, ఆమెతో ఏ హోదాలో ఎన్నేళ్ళు పనిచేశావు. మధ్యలో ఇట్టాంటిది ఒకటి, మహా అయితే రెండు, ఎప్పుడు జరిగింది, ఆమె ఏం చేసింది, దాంతో ఏమైంది. చివర్లో ఫలానా పోస్టుకి సమర్థిస్తన్నా అని ఒక్క వాక్యం. చూడనిది రాయొద్దు, ఆమె ఇంటి విషయాలు, ఒంట్లో బాగలేకపోయిన సంగతులు మంచి ఉద్దేశంతో అయినా రాయొద్దు, ఈ లెటర్లు రికార్డులోకి ఎక్కి ఎవరైనా చదివే అవకాశం ఉంది.

ఎవరికి పంపాలంటే కమిటీ ఛైర్మన్‌కి, ర్యాంకింగ్ మెంబర్‌కి, అంటే అవతల పార్టీ పెద్దకి, ఇద్దరికీ కలిపి ఒకటే లెటర్. కాపీ మీ రాష్ట్రం సెనేటర్లు ఇద్దరికీ. వాళ్ళ వెబ్‌సైట్లలో ఫారం ఉంటది, సొంత రాష్ట్రపోళ్ళ మాటకి విలువెక్కువ కాబట్టి మీ అడ్రస్ రాయండి. పోస్టులో వెయ్యొద్దు, 2001లో ఆంత్రాక్స్ కవర్లు వచ్చినప్పట్నుంచి ఆడికి పొయ్యే పోస్టంతా తనిఖీ చేసి గానీ ఇవ్వరు, లేటవద్ది. పంపేముందు కాంగ్రెస్ డాట్ గవ్ అనే అమెరికా పార్లమెంటు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే పీఎన్‌తో మొదలయ్యే నంబరు ఉంటది, ఆ నంబరు లెటర్ పైన వెయ్యండి, నంబరు లేకపోతే కాయితాలు ఇంకా సెనేట్‌కి చేరలేదని, ఆగండి. నామినేట్ అయిన మనిషి తరఫున ఈ పనులు చూసేవాళ్ళని కూడా ఒక మాట అడగండి, ఎప్పుడు పంపితే మేలో వాళ్ళకి తెలుస్తది.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. అప్పట్లో ఉత్సాహం కొద్దీ మా ఆఫీస్ లెటర్‌హెడ్ మీద కొట్టేశా, ఎవర్నీ అడక్కుండా. ఆ ఆఫీసు పేరెందుకు గానీ, మూడో రోజు పిలిచి అరగంట కూర్చోబెట్టారు, ఇది మీ అభిప్రాయమా సంస్థ అభిప్రాయమా అని. లెటర్ వెనక్కి తీసుకుని తెల్ల కాయితం మీద మళ్ళీ రాసిచ్చా. హోదా చెప్పుకోండి, "ఇది నా సొంత అభిప్రాయం" అని ఒక లైను వేసుకోండి, లెటర్‌హెడ్ కావాలంటే ముందు రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి.

ఇంకో సంగతి. మా బావకి ఈ విషయం తెలిసి, ఊళ్ళో వాట్సాప్ గ్రూపులో పెట్టి రెండొందల మందితో ఒకటే మెయిల్ కొట్టిద్దాం, హైదరాబాద్ కాన్సులేట్‌కి కూడా అర్జీ ఇద్దాం అన్నాడు. వద్దు బావా అని దండం పెట్టా. కాన్సులేట్‌కి దీంట్లో పనే లేదు, ఒకే మాటలతో వచ్చే మెయిళ్ళని లెక్కపెట్టి పక్కన పడేస్తారు, పైగా విదేశం నుంచి గుంపుగా వస్తే ఆమెకే తలనొప్పి.

పంపినాక ఓపిక పట్టాల. మన దేశానికి అమెరికా రాయబారిగా వచ్చిన గార్సెట్టీని 2021 జూలైలో నామినేట్ చేస్తే ఓటు పడింది 2023 మార్చిలో, 52-42తో, మధ్యలో గడువు అయిపోయి పేరు వెనక్కొస్తే మళ్ళీ పంపాల్సొచ్చింది. అన్నాళ్ళు ఢిల్లీలో ఆ కుర్చీ ఖాళీ. మీ మేడమ్ పేరు కూడా వెనక్కొచ్చి మళ్ళీ పోతే పీఎన్ నంబరు మారద్ది, లెటర్లో తేదీ, నంబరు మార్చి ఇంకోసారి పంపండి.

హియరింగ్ కమిటీ వెబ్‌సైట్‌లో లైవ్ వస్తది. వేసవిలో అయితే ఆడ పొద్దున పదికి మనకి రాత్రి ఏడున్నర, చలికాలం ఎనిమిదిన్నర. మావాడు లింకు పంపుతానన్నాడు, మా బావ అప్పుడే జనరేటర్ సంగతి అడుగుతున్నాడు.