మాట్లాడని పిల్లలకు తరగతిలో చోటివ్వడం

తరగతిలో నోరు విప్పని విద్యార్థిని చదువు రానివాడిగా లెక్కగట్టే ముందు, ఆ మౌనానికి కారణమేమిటో ఉపాధ్యాయుడు తెలుసుకోవాలి. చిత్తూరు ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. నగరి వైపు ఇంట్లో తమిళం, కుప్పం వైపు తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు కొందరు, పాఠం అర్థమైనా, తమ యాస విని తోటివారు నవ్వుతారేమోనన్న బెరుకుతో మాటను గొంతులోనే మింగేస్తారు. అటువంటి బిడ్డ ఇంటి భాషలోనే జవాబు మొదలుపెట్టినా అంగీకరించి, తెలుగు పదాన్ని మెల్లగా అందించండి. నలుగురిలో తప్పు దిద్దకండి.

ప్రశ్న అడిగాక కనీసం 3 సెకన్లు ఆగండి. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, ఆ వ్యవధి పెరిగితే అంతవరకు మాట్లాడని పిల్లలు కూడా జవాబివ్వసాగారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల నాటి పరిశీలనల్లో గుర్తించారు. ముందు నోటుపుస్తకంలో రాయించి, పక్కవారితో పంచుకోనిచ్చి, ఆ తర్వాతే అందరి ముందు అడగండి. రాసుకున్నది చూసి చదవడమూ జవాబే.

ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ, బడిలో చేరిన తొలి నెల గడిచాక కూడా వారాల తరబడి ఒక్క మాట పలకకపోతే, దాన్ని మొండితనమనుకుని దండించడం అన్యాయం. అది సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆందోళన సమస్య కావచ్చు కనుక తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి, తిరుపతి రుయా ఆసుపత్రిలోని మానసిక వైద్యులకు చూపించమని చెప్పండి.