ఎయిర్ వింగ్ ఏఎన్ఓ: ప్రమోషన్ రావాలంటే

కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ మీ నెత్తిన పెట్టారా? కొత్త లెక్చరర్ కనిపిస్తే ప్రిన్సిపాళ్లు ముందు అంటగట్టేది ఇదే. హైదరాబాద్‌లో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటూ ఈ పనీ చూస్తున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్తాను.

మొదట మీరు కేర్‌టేకర్ మాత్రమే, ర్యాంకు ఉండదు. ర్యాంకుకి ముందిచ్చే శిక్షణ, అంటే ప్రీ కమిషన్ కోర్సు, పూర్తయ్యాకే అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ (ఏఎన్ఓ). డిగ్రీ కాలేజీ వాళ్లం ఫ్లయింగ్ ఆఫీసర్‌గా మొదలై ఫ్లయిట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్ అవుతాం. స్కూలు టీచర్లకు థర్డ్ ఆఫీసర్ నుంచి చీఫ్ ఆఫీసర్ దాకా వేరే వరస. పేర్లు ఎయిర్‌ఫోర్స్‌వే గానీ మన ఉద్యోగం, జీతం కాలేజీవే. యూనిట్లో కనిపించే సార్జెంట్లు, కమాండింగ్ ఆఫీసరు (సీఓ) అసలు ఎయిర్‌ఫోర్స్ వాళ్లు. వాళ్ల ప్రమోషన్ల లెక్కతో మనకు పనిలేదు.

ఏళ్లు గడిస్తే ర్యాంకు అదే వస్తుందిలే అనుకోకండి. సర్వీసుతోపాటు రిఫ్రెషర్ కోర్సు, క్యాంపులు, సీఓ రాసే రిపోర్టు అన్నీ చూస్తారు. ఎన్నేళ్లు కావాలన్నది స్టాఫ్‌రూమ్‌లో అడక్కండి, యూనిట్ ఆఫీసులో నిబంధనల కాపీ తీసుకుని మీరే చదవండి.

చాలామంది వెనకబడేది రిఫ్రెషర్ దగ్గరే. ఆ లెటరు సరిగ్గా పరీక్షలప్పుడో వాల్యుయేషన్‌కో వస్తుంది. "వచ్చే ఏడు వెళ్దురుగానిలే మేడమ్" అంటారు కాలేజీలో. ఒప్పుకోకండి. వెళ్లమన్నాక రిలీవింగ్ ఆర్డరు కాగితం మీద తీసుకోండి, నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

క్యాంపులో రాత్రి జ్వరమొచ్చిన పిల్లని ఎంఐ రూమ్‌కి, అంటే క్యాంపు వైద్యశాలకి, తీసుకెళ్లేదీ, మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని అడిగేదీ మీరే. ఇంతా చేసి సర్టిఫికెట్ తీసుకోకుండా ఇంటికొచ్చేవాళ్లున్నారు! బస్సెక్కేలోపే తీసుకోండి. యూనిట్ రికార్డులో ఎక్కిందో లేదో తర్వాత ఓసారి చూసుకోండి. ఎయిర్ వింగ్ క్యాడెట్లు పోటీపడే వాయు సైనిక్ క్యాంపుకి పిల్లల్ని తయారుచేసే పని, ముఖ్యంగా ఏరోమోడలింగ్ (చిన్న విమాన నమూనాల తయారీ), ఎవరూ అడగరు, మీరు తీసుకోండి. పని కళ్లారా చూస్తేనే సీఓ రిపోర్టులో నాలుగు మాటలు ఎక్కువ రాస్తారు.

ఇక ఫైలు. కాగితాలు యూనిట్ నుంచి గ్రూప్ హెడ్‌క్వార్టర్స్‌కి, అక్కణ్ణుంచి సికింద్రాబాద్‌లోని ఎన్‌సీసీ డైరెక్టరేట్‌కి వెళ్తాయి. మన వాళ్లకు ఇంటిపేరుతోనే తంటా: టెన్త్ మెమోలో పూర్తిగా ఉంటుంది, కాలేజీ రికార్డులో ఒక్క ఇనిషియల్, కమిషన్ కాగితంలో పేరు తర్వాత. ఫైలు పెట్టకముందే అన్నిచోట్లా ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోండి.

ప్రమోషన్ ఆర్డరు చేతికొచ్చేదాకా యూనిఫాం మీద కొత్త ర్యాంకు గీతలు పెట్టకండి. ఫ్లయింగ్ ఆఫీసర్‌కి ఒకటి, ఫ్లయిట్ లెఫ్టినెంట్‌కి రెండు, స్క్వాడ్రన్ లీడర్‌కి ఆ రెండిటి మధ్య ఓ సన్నగీత. ఆర్డరులో ఏ తేదీ నుంచి అమలో చూసి, ఒక కాపీ కాలేజీ ఆఫీసులో ఇచ్చి సర్వీసు రిజిస్టర్లో రాయించండి.