పాత ఫిల్మ్ కెమెరాను ఎంచుకోవడం, వాడుకోవడం

వరంగల్‌లో మూతపడిన ఫోటో స్టూడియోల అల్మరాల్లో యాషికా కంపెనీ జంట కటకాల కెమెరా దొరికితే, వెనుక మూత తెరిచి, షట్టరును (ఫిల్ము మీదికి వెలుతురును వదిలే తలుపును) తెరిచి పట్టుకుని, కటకం గుండా టార్చి వెలుతురు పంపి చూడండి. సాలెపోగుల్లా పాకిన బూజు కనిపిస్తే, అది గాజు పైపూతను తినేస్తుంది కనుక, ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి. తరువాత షట్టరును ఒక సెకనుకు పెట్టి నొక్కండి. గిర్రుమని సాగే శబ్దం మధ్యలో తడబడితే లోపలి నూనె గట్టిపడిందని అర్థం.

ఈ కెమెరాలో వేసే 120 అనే వెడల్పాటి ఫిల్ము చుట్ట ఒక్కదానికి 12 చదరపు చిత్రాలే వస్తాయి. మంచి ఎండలో 100 ఐఎస్ఓ (వెలుతురును పట్టే శక్తి కొలత) ఫిల్ముకు కటకం రంధ్రం ఎఫ్ 16 దగ్గర, షట్టరు సెకనులో 125వ వంతు దగ్గర ఉంటే చాలు; ఖిలా వరంగల్ తోరణాలను నేను అలాగే తీస్తాను. వేయిస్తంభాల గుడి లోపలి నల్లరాతి నునుపు పట్టుబడాలంటే మాత్రం స్టాండు, ఓపిక తప్పనిసరి, ఆ చిత్రమే నాకు అన్నిటికన్నా ఇష్టం.

వానాకాలంలో తోలు సంచి వద్దు. సిలికా జెల్ పొట్లాలు వేసిన, గాలి చొరని డబ్బాలో ఉంచండి.