స్కోపస్ ప్రొఫైల్ చిక్కులు: పేపర్ మీద పేరు దగ్గర మొదలుపెట్టండి

ప్రమోషన్ ఫైలు కట్టేటప్పుడో, గైడ్‌షిప్‌కు (పీహెచ్‌డీ గైడ్‌గా గుర్తింపుకు) దరఖాస్తు పెట్టేటప్పుడో తప్ప మనలో చాలామంది స్కోపస్ (పరిశోధన పేపర్ల, వాటి సైటేషన్ల డేటాబేస్) ప్రొఫైల్ వైపు చూడరు. చూసినరోజు సగం పేపర్లు కనిపించవు.

స్కోపస్ ప్రొఫైల్ మనం తెరిచేది కాదు. పేపర్ మీద అచ్చయిన పేరు, సంస్థ, తోటి రచయితలు, సబ్జెక్టు చూసి కంప్యూటరే ప్రొఫైల్ కట్టి ఒక నంబరు వేస్తుంది. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ మనమే తెరిచి, మనమే దిద్దుకునేది. తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోండి. స్కాలర్‌లో ఎంత దిద్దినా స్కోపస్‌లో అక్షరం మారదు.

సమస్య: ఒకే మనిషికి రెండు మూడు ప్రొఫైళ్ళు

కారణం చాలావరకు ఇంటిపేరే. జర్నల్ ఫారం లాస్ట్ నేమ్ అడుగుతుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. వై. వెంకట సుబ్బారెడ్డి ఒక పేపర్లో అలాగే ఉంటాడు, ఇంకోదాంట్లో రెడ్డి వై.వి.ఎస్. అవుతాడు. కర్నూలు, కడపల్లో షేక్ మహబూబ్ బాషాలకు ఒకచోట షేక్ ఇంటిపేరైతే మరోచోట బాషా ఇంటిపేరు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

దానికి తోడు సంస్థల పేర్లు. కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ 2008కి ముందు శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ పీజీ సెంటర్. కడప యోగి వేమన యూనివర్సిటీ 2006కి ముందు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ పీజీ సెంటర్. అనంతపురం జేఎన్‌టీయూ కూడా 2008లోనే విడి యూనివర్సిటీ అయింది. మేష్టారు కూర్చున్న కుర్చీ మారలేదు, పేపర్ మీద చిరునామా మారింది. పాత పేపర్లలో కడపకు తెల్లవాళ్ళ నాటి స్పెల్లింగు ఉంటుంది, అనంతపురానికైతే ఎవరికి తోచింది వాళ్ళు రాశారు.

పరిష్కారం: స్కోపస్ ఆథర్ సెర్చ్‌కి చందా అక్కర్లేదు. మీ పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో పాత పేపర్లు ముందేసుకుని రాసుకోండి. ఇంటిపేరూ అసలు పేరూ తారుమారు చేసి కూడా వెతకండి. సంస్థ పేరు పెట్టకుండా ఒకసారి, పెట్టి ఒకసారి. దొరికిన ప్రొఫైళ్ళలో మీవాటికి టిక్ పెట్టి మెర్జ్ రిక్వెస్ట్ నొక్కితే ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డ్ తెరుచుకుంటుంది. అక్కడ కనిపించాల్సిన పేరు ఎంచుకుని, పేపర్ల జాబితా ఒక్కొక్కటిగా చూసి పంపండి. కలిపాక ఒక్క నంబరే మిగులుతుంది, బయోడేటాలో పాతది ఉంటే మార్చుకోండి. ఇదంతా ఉచితం. ప్రొఫైల్ సరిచేస్తామని డబ్బులడిగేవాళ్ళు చేసేదీ ఈ నాలుగు క్లిక్కులే.

ఒక మాట. కలిపితే హెచ్-ఇండెక్స్‌లు కూడుకుపోవు. హెచ్-ఇండెక్స్ 5 అంటే కనీసం ఐదేసి సైటేషన్లు (వేరే పేపర్లలో ఉదహరింపులు) వచ్చిన పేపర్లు ఐదు ఉన్నట్టు. ఒక ప్రొఫైల్లో సైటేషన్లు 14, 9, 8, 6, 5 అయితే హెచ్-ఇండెక్స్ 5. రెండోదాంట్లో 10, 7, 6, 2 అయితే 3. కలిపితే వచ్చేది 6, ఎనిమిది కాదు. తగ్గించేశారని మళ్ళీ ఫిర్యాదు పెట్టకండి.

సమస్య: ఎవరివో పేపర్లు మీ పేరు కింద

రెడ్డి, కుమార్, రావు, షేక్ - ఈ పేర్లకు ఇది తప్పదు. మట్టి మీద పనిచేసే మనిషికి గుండె జబ్బుల పేపర్ అంటుకుంటుంది. ఎక్కువేగా, ఉండనీ అనుకునేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు, తక్కువ కనిపించడం కంటే ఇదే ప్రమాదం: స్క్రూటినీలో దొరికితే మిగతా పేపర్లనూ అనుమానంగానే చూస్తారు. అదే విజార్డ్‌లో "నాది కాదు" అని గుర్తు పెట్టి తీసేయండి. స్కాలర్‌లో అయితే కొత్త పేపర్లను తనంతట తాను చేర్చే సెట్టింగు ఆపి, మెయిల్లో అడిగి చేర్చేలా పెట్టుకోండి.

సమస్య: పేపర్ అచ్చయింది, స్కోపస్‌లో లేదు

ముందు శీర్షికతో డాక్యుమెంట్ సెర్చ్ చేయించండి. దొరికి, మీ ప్రొఫైల్లో మాత్రం లేకపోతే విజార్డ్‌తో చేర్చుకోవచ్చు. అసలే దొరక్కపోతే సోర్సెస్ పేజీలో జర్నల్ పేరు, దాని పక్కన కవరేజీ సంవత్సరాలు చూడండి. మీ పేపర్ వచ్చేనాటికే ఆ జర్నల్‌ను ఆపేసి ఉంటే చేయగలిగింది లేదు. జర్నల్ వాళ్ళ వెబ్‌సైటులో "స్కోపస్ ఇండెక్స్‌డ్" అన్న ముద్ర ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది, దాన్ని నమ్మకండి. కవరేజీలో ఉండి నెలలు గడిచినా రాకపోతే డీఓఐ (పేపర్‌కుండే శాశ్వత గుర్తింపు సంఖ్య)తో స్కోపస్ సపోర్టుకు రాయండి.

సమస్య: సైటేషన్లు స్కాలర్ కంటే తక్కువ

ఇది తప్పు కాదు. స్కాలర్ థీసిస్‌లూ ప్రీప్రింట్లూ లెక్కేస్తుంది, స్కోపస్ తన జాబితాలోని వాటినే లెక్కేస్తుంది. మిమ్మల్ని ఉదహరించిన పేపర్ స్కోపస్‌లో ఉండి కూడా లెక్కకు రాలేదంటే, దాని రెఫరెన్సుల్లో మీ శీర్షికో సంవత్సరమో తప్పు పడి ఉంటుంది. రెండు పేపర్ల డీఓఐలూ సపోర్టుకు పంపండి.

అన్నీ సరిపడ్డాకే ఆర్కిడ్‌కి (పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు నంబరుకు) కలపండి. ముందే కలిపితే సగం పేపర్లే అటు వెళ్తాయి. కాలేజీ వాళ్ళు ఒకసారి, మీరొకసారి తీసుకుని రెండు ఆర్కిడ్ నంబర్లు ఉంటే ఒకటి ఉంచుకుని, రెండోదాన్ని అకౌంట్ సెట్టింగుల్లో డూప్లికేట్ రికార్డుగా తీసేయండి.